రేణువుకీ రేణువుకీ మధ్య

ఇనుము చవక, దాని అయస్కాంత బలమూ ఎక్కువే. అయినా 1970ల చివర్లో శాశ్వత అయస్కాంతాల్లో మేటి అనిపించుకున్నది సమారియం–కోబాల్ట్ మిశ్రలోహం. సమారియం దొరకడం కష్టం. కోబాల్ట్ ధర చూస్తే 1978లో జైర్‌లో చెలరేగిన పోరుతో ఆకాశాన్నంటింది. కోబాల్ట్ బదులు ఇనుము వాడగలిగితే ఎంత బాగుండునని ఈ రంగంలో అనుకోనివారు లేరు. దాన్ని చేసి చూపించినవారిలో జపాన్ శాస్త్రవేత్త మసాతో సగావా పేరు ముందు చెప్పుకోవాలి.

1978 జనవరిలో ఒక సదస్సులో ఆయన ఒక ఉపన్యాసం విన్నారు. అరుదైన మృత్తికా లోహాలతో ఇనుము కలిస్తే ఏర్పడే సమ్మేళనాల్లో ఇనుప పరమాణువులు మరీ దగ్గరగా ఉంటాయని, అందుకే వాటి అయస్కాంతత్వం కొద్దిపాటి వేడికే నీరుగారిపోతుందని ఆ ప్రసంగ సారాంశం. బోరాన్, కార్బన్ లాంటి చిన్న పరమాణువులను చొప్పిస్తే ఆ ఎడం పెరగదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. అప్పుడాయన ఫుజిట్సులో ఉన్నారు. 1982లో సుమిటోమో స్పెషల్ మెటల్స్‌లో చేరి, ఆ ఆలోచనను అయస్కాంతంగా మలిచారు. 1983 నవంబరులో పిట్స్‌బర్గ్ సదస్సులో ఫలితం ప్రకటించారు. అదే కాలంలో జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ బృందం వేరే దారిలో, కరిగిన లోహాన్ని మెరుపు వేగంతో చల్లార్చి, ఇదే సమ్మేళనాన్ని చేరుకుంది.

ఆ సమ్మేళనంలో నియోడైమియం అనే అరుదైన మృత్తికా లోహపు పరమాణువులు రెండింటికి పద్నాలుగు ఇనుము, ఒక బోరాన్. ఇనుము బలాన్నిస్తుంది. ఆ బలం ఒకే దిశను అంటిపెట్టుకుని ఉండే మొండితనం నియోడైమియం నుంచి వస్తుంది. ఆ అమరిక నిలబడేది బోరాన్ వల్ల.

అయితే మంచి సమ్మేళనం దొరికినంత మాత్రాన మంచి అయస్కాంతం చేతికి రాదు. సగావా పనితనమంతా ఇక్కడ కనిపిస్తుంది. లెక్క ప్రకారం నూరు పరమాణువుల్లో నియోడైమియం పన్నెండుకు లోపే ఉండాలి. ఆయన 15 వేశారు. ఇనుము 77, బోరాన్ 8. ఆ అదనపు నియోడైమియం స్ఫటికంలో ఇమడదు. మిశ్రలోహాన్ని మూడు మైక్రాన్ల స్థాయి పొడిగా నూరి, అయస్కాంత క్షేత్రంలో రేణువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి, అలాగే అదిమి, దాదాపు 1,100 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు ఆ మిగులు కరిగి, సందుల్లోకి పాకి, ఖాళీలు పూడ్చి ముద్దను గట్టిపరుస్తుంది. చల్లారాక రేణువుల మధ్య కొన్ని నానోమీటర్ల పొరగా మిగులుతుంది.

ఆ పొర చేసే మేలు చిన్నది కాదు. బయటి క్షేత్రం ఎదురు తిరిగినప్పుడు ఎక్కడో ఒక బలహీనమైన రేణువు ముందు దిశ మార్చుకుంటుంది. తాటాకు ఇళ్ల వాడలో నిప్పులా ఆ మార్పు పక్కదానికి, ఆ పక్కదానికి అంటుకోగలదు. మధ్యనున్న పొర దాన్ని అక్కడికక్కడే అడ్డుకుంటుంది. కాల్చిన తర్వాత 600 డిగ్రీల దగ్గర మరోసారి వేడి చేస్తే ఈ పొరలు ఇంకా చక్కగా సర్దుకుంటాయి. అయస్కాంతం సత్తాను శక్తి లబ్ధంతో కొలుస్తారు; ఇలా తయారైనది ఘనపు మీటరుకు 290 కిలోజౌళ్లు చూపింది. ఆనాటికి అంతకు మించినది లేదు.

లోపమూ ఉంది. 312 డిగ్రీల దగ్గర దీని అయస్కాంతత్వం పూర్తిగా పోతుంది. అంతకు చాలా ముందే, మోటారు వేడికే, పట్టు సడలడం మొదలవుతుంది. డిస్ప్రోసియం కలిపితే పట్టు నిలుస్తుంది. కానీ అది ఇనుముకు ఎదురు దిశలో నిలిచి బలాన్ని కొంత హరిస్తుంది. పైగా అది మరింత అరుదైన లోహం. 1988లో సొంత సంస్థ పెట్టుకున్న సగావా దానికీ సమాధానం రేణువులోనే వెతికారు: రేణువును ఇంకా చిన్నది చేస్తే డిస్ప్రోసియం అవసరం తగ్గుతుంది. 2022లో ఆయనకు క్వీన్ ఎలిజబెత్ ఇంజినీరింగ్ పురస్కారం దక్కింది.

ఈరోజు ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు నుంచి ఇయర్‌ఫోన్ దాకా ఈ అయస్కాంతమే పనిచేస్తోంది. భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో నియోడైమియం ఉంది. ఖనిజం ఉంది కదా అని మనం సంబరపడితే చాలదు. గాలి తగిలితే పాడయ్యే ఆ పొడిని కాపాడుకుంటూ నూరడం, ఒకే దిక్కుకు నిలపడం, సందులు సరిగ్గా పూడేలా కాల్చడం చేతనవ్వాలి. సగావా జీవితమంతా సాధన చేసింది ఆ విద్యనే. మన ప్రయోగశాలల్లో పిల్లలు ముందుగా నేర్వవలసిందీ అదే.