తిలిస్మ్‌లో దొరికిన చోటు

ముస్లింలు ఏం చదువుతారని అడిగితే తెలుగు లోకంలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. భక్తుడైతే ఖురాన్, రసికుడైతే గజల్. నిజామాబాద్‌లో మేం చదివినవి ఎక్కువగా మాంత్రికుల కథలు. ఆ తర్వాత, మాంత్రికులూ లేరు దేవుడూ లేడు అని చెప్పే పుస్తకాలు. రెండింటి మీదా మాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. అవి కౌమ్ మొత్తానివి కావు, మావే.

ముందు ఉర్దూ సంగతి. 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అమీర్ హమ్జా దాస్తాన్‌లో ఒక భాగం. 19వ శతాబ్దం చివర్లో లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేసింది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాశాడు, తర్వాతవి అహ్మద్ హుసేన్ ఖమర్. హమ్జా దాస్తాన్ మొత్తం 46 సంపుటాలు. అన్ని పుస్తకాలు మా ఇళ్లకు ఎక్కడివి? పిల్లల కోసం కుదించినవి చేతులు మారుతూ వచ్చేవి. బీడీలు చుట్టే ఇళ్లల్లో చదువొచ్చిన ఒకరు బిగ్గరగా చదివితే మిగతా ఆడవాళ్లు ఆకు కత్తిరిస్తూ వినేవాళ్లు. హమ్జా అంటే వాళ్లకు గౌరవం, అంతే. ప్రాణమంతా అమర్ అయ్యార్ మీదే. ఒంటెలు తోలేవాడి కొడుకు. పిసినారి. ఎంత వేసినా నిండని జంబీల్ అనే సంచి భుజాన ఉంటుంది. జాదూ రాదు. మారువేషంతో, మాటతో, ఎదుటివాడి దురాశను కనిపెట్టడంతో అఫ్రాసియాబ్ లాంటి జాదూగర్ల పాదుషాను ముప్పుతిప్పలు పెడతాడు. వెయ్యి బీడీలకు కూలీ ఎంత కట్ చేశారో లెక్క చూసుకునే మనిషికి అమర్ అర్థం కావడానికి విమర్శకుడు అక్కర్లేదు.

తెలుగులో మాకు దొరికింది చందమామ. అందులో 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. చిత్రగారి బొమ్మలు గుర్తున్నంతగా ఆయన పేరు పాఠకులకు గుర్తుండదు, ఎందుకంటే సీరియల్ మీద పేరు వేసేవారు కాదు. ఆయన వామపక్షం మనిషి, దేవుణ్ణి నమ్మలేదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. తెలుగు పిల్లలకు మాంత్రికులనూ రాక్షసులనూ పంచిపెట్టింది నమ్మకం లేనివాళ్లన్నమాట! మాకిది వింతగా తోచదు. మంత్రం నిజమని నమ్మేవాడు దాన్ని చూసి భయపడతాడు. నమ్మనివాడే దాంతో ఆడుకోగలడు. దాసరి వారి మాంత్రికులు ఎప్పుడూ తగువులాడుకుంటూ, మోసపోతూ, సగం నవ్వు పుట్టిస్తూ ఉంటారు. 'తులసిదళం'లో కాష్మోరా నవ్వించదు. అది పాఠకుడి వెన్నులో చలి పుట్టించి డబ్బు చేసుకున్న రచన. రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ము అన్నారంటే ఆ కోపం మాకు అర్థమవుతుంది.

అలాగని అద్భుత కథలన్నీ అమాయకమైనవని మేం అనం. హోష్‌రుబాలో ఓడిన జాదూగర్ దీన్‌లోకి వస్తే బతుకుతాడు, రాకపోతే తల పోతుంది. మా ఇళ్లల్లో ఆ పేజీలు గబగబా తిప్పేసేవాళ్లు. తిప్పేసినంత మాత్రాన అవి లేకుండా పోవు. ఇటు తెలుగు జానపదంలో ముస్లిం కనిపించాలంటే బాగ్దాద్ వెళ్లాలి. 'అల్లావుద్దీన్ అద్భుతదీపం' 1957, 'బాగ్దాద్ గజదొంగ' 1968, 'ఆలీబాబా 40 దొంగలు' 1970. సాయిబు దొంగల గుహ ముందు నిలబడితే అందం. బోధన్ బస్టాండులో నిలబడితే సమస్య.

ఇక రెండో అర. 'రామాయణ విషవృక్షం' 1974లో రావడం మొదలైంది. మేం చదివింది చాలా ఏళ్ల తర్వాత. రచయిత్రి తన ఇంట్లోనే నిలబడి తన ఇంటి దూలాలు లెక్కపెడుతోంది, అదీ ఆ పుస్తకం బలం. ఆ తోవలో వచ్చిన చిన్నాపెద్దా హేతువాద పుస్తకాలు చాలా చదివాం. వాటి తర్కంతో మాకు పేచీ లేదు. పేచీ సర్వనామంతో. 'మన పురాణాలు', 'మన పండగలు', 'మన మూఢనమ్మకాలు' అంటూ సాగిపోతాయి. ముస్లింల అధ్యాయం వచ్చేసరికి బురఖా, తలాక్, 1985 నాటి షాబానో తీర్పు. అక్కడ హఠాత్తుగా 'వాళ్లు'! దేవుణ్ణి వదిలేసిన రచయిత 'మన'ను మాత్రం వదల్లేదు. పుస్తకం చదువుతున్నవాళ్లలో ఆ 'వాళ్లు' ఒకరు ఉండొచ్చని ఊహించనే లేదు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ మాట బరువు మారింది. ముందు మేమంటే మందలించాల్సిన వాళ్లం. ఆ తర్వాత లౌకికత్వం రుజువు చేసుకోవాల్సిన వాళ్లం. సాటి పాఠకులం ఎప్పుడవుతాం?

మా ఇంటి దూలాలు మా వాళ్లు లెక్కపెట్టలేదా? నియాజ్ ఫతేపురి 1922లో 'నిగార్' పత్రిక పెట్టి ముల్లాలతో పోరాడాడు, కాఫిర్ అనిపించుకున్నాడు. సిబ్తె హసన్ హైదరాబాద్‌లో 'పయామ్' పత్రికలో పనిచేశాడు, ఆ నగరం మీద 'షహర్-ఎ-నిగారాఁ' రాశాడు, తర్వాత 'మూసా సే మార్క్స్ తక్' రాశాడు. అది మతాన్నీ సోషలిజాన్నీ ఒకే చరిత్రగా చెప్పే పుస్తకం. తెలుగు హేతువాద సభల్లో కూర్చున్నన్నాళ్లు ఈ పేర్లు మా చెవిన పడలేదు. మేమే ఎత్తితే, "అలాంటివాళ్లు కూడా ఉన్నారా?" అన్నారు. ఆ 'కూడా' ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బోధన్‌ను ఏకచక్రపురం అంటారు. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని చెప్పుకుంటారు. ఈ కథ మాకు చెప్పింది పంతులుగారు కాదు, శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉండే మా ఖాలూ. ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బళ్ల వరస చూపించి, "దేఖో, మన ఊరి బకాసురుడికి ఇంకా ఆకలి తీరలేదు" అనేవారు. ఆయన ఐదు పూటలా నమాజు చదివే మనిషి. మహాభారతాన్ని నమ్మాల్సిన పనీ లేదు, ఖండించాల్సిన పనీ లేదు ఆయనకు. 'మన ఊరి' అనడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.

1937లో పుట్టిన ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి 2015 డిసెంబర్‌లో మూతపడింది. బళ్లు రావడం మానేశాయి. జీతాల బకాయిల కోసం గేటు ముందు కూర్చున్నవాళ్లలో టోపీలున్నాయి, బొట్లున్నాయి. మా ఇంట్లో పిల్లలు హ్యారీ పోటర్ ఇంగ్లిషులో చదువుతున్నారు. అమర్ అయ్యార్‌ను ఉర్దూలో చదవడం వాళ్లకు రాదు, తెలుగులో మేం వెతికిన షాపుల్లో దొరకలేదు. అందుకని రాత్రిపూట మేమే నోటితో చెబుతున్నాం. మొన్న చిన్నది అడిగింది, అమర్ సంచీలో ఫ్యాక్టరీ పడుతుందా అని. పడుతుందన్నాం. మరి బకాయిలు ఎవరిస్తారు అంది.