'తనము' ప్రత్యయము యొక్క పుట్టువు

హైదరాబాదునందలి ఎర్రగడ్డ యను పేరిలో 'ఎర్ర' విశేషణము. ఆ గుణమునే నామముగాఁ జెప్పవలసినచో 'ఎఱుపు' అందురు. మంచి గుణమునకు మాత్రము 'మంచితనము' అందురే కాని 'మంచిపు' అనరు. రెండును భావార్థకములే. బాలవ్యాకరణాదులు రూపసిద్ధికై పుట్టినవి గాన వానిలో నీ భేదమునకుఁ గారణము వెదకుట న్యాయము గాదు. కారణము ప్రత్యయముల చరిత్రలో నున్నది.

'పు' దేశ్యము. తమిళమున సివప్పు, కఱుప్పు. కన్నడమునఁ గెంపు, కప్పు. తెలుఁగున నలుపు, తెలుపు. ఇది ప్రాచీన ధాతువులను విడిచి క్రొత్త విశేషణములను జేరదు. బాల్టిక్ భాషలలో నిట్లు గాదు. లిథువేనియను భాషలో 'బల్తస్' అనఁగాఁ దెల్లనిది, 'బల్తుమస్' తెలుపు. ఆ 'ఉమస్' ఇంచుమించుగా నెల్ల విశేషణములకును జేరును. తెలుఁగున నట్టి వ్యాప్తి 'తనము'నకే కలిగినది: పెద్దతనము, పిఱికితనము, దొంగతనము, తుదకుఁ గంజూసుతనము!

దీనిని 'తాను' శబ్దము యొక్క షష్ఠియగు 'తన' నుండి సాధింపఁజూచుట పొసఁగదు. 'తన యిల్లు' అనునట్లు అది విశేష్యమునకు ముందు నిలుచునది. ప్రకృతికిఁ దరువాత వచ్చి భావార్థము నీయదు. పాణిని భావార్థమున 'త్వ', 'తల్' ప్రత్యయములను విధించెను. ఋగ్వేదమున 'మహిత్వన', 'వసుత్వన' వంటి రూపములుఁ గలవు. ఈ 'త్వన'యే ప్రాకృతమున 'త్తణ' యయ్యెను. 12వ శతాబ్దమున హేమచంద్రుఁడు తన ప్రాకృత వ్యాకరణమున దీనిని జెప్పినాఁడు. హిందీ 'బచపన్', మరాఠీ 'మోఠేపణ' రూపములలోని ప్రత్యయములు నీ కుదురునవే. తమిళము 'కళ్ళత్తనం'లోఁ దకారద్విత్వము నేఁటికిని వినఁబడుచున్నది. తెలుఁగునఁ గన్నడమున నది సరళమయ్యెను. సాతవాహనుల శాసనభాష ప్రాకృతమే గదా! అంతటి చిరసాహచర్యమునఁ బదములతోఁ బాటు ప్రత్యయమును దిగుమతి యగుట వింత గాదు.

కావున త్వము, తనము ఒక్క యింటివే. సంస్కృతము నుండి నేరుగా వచ్చిన 'త్వము' తత్సమమునే కోరును. 'మంచిత్వము' పండితుని చెవికిఁ గంటకము. ప్రాకృతపు ద్వారమున వచ్చి జనుల నోట నానిన 'తనము'నకు దేశ్యమైనను అన్యదేశ్యమైనను సమానమే. మూర్ఖత్వమును గలదు, మూర్ఖతనమును గలదు.

ఇఁక నిఘంటుకారులకుఁ జిక్కు. 'దొంగతనము' దేశ్యమా, తద్భవమా? ప్రకృతి నొకటిగాఁ బ్రత్యయము నొకటిగాఁ జూపక పదమున కంతకు నొకే ముద్ర వేయుట సరి గాదు. తత్సమ తద్భవ దేశ్య విభాగము పదములకే కాక ప్రత్యయములకును వేఱుగాఁ జేయవలసి యున్నది.