ప్రవేశ దరువు

మన ఊళ్లలో డీజే అంటే పెళ్లి బరాత్ ముందు కదిలే స్పీకర్ల బండి, నిమజ్జనం రోజు కిటికీ అద్దాలు అదరగొట్టే మోత. ఆ పనిలో ఎంత నేర్పు పట్టొచ్చో నాకు తెలిసింది ఫ్రాంకీ నకల్స్ గురించి చదివాక. 1955లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1977లో షికాగో వెళ్లి, సౌత్ జెఫర్సన్ వీధి 206 నంబరు భవనంలోని ‘వేర్‌హౌస్’ క్లబ్బులో రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. ‘హౌస్’ సంగీతానికి ఆ పేరు వచ్చింది ఈ వేర్‌హౌస్ నుంచే. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బయటి లోకం చోటివ్వని నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. మద్యం అమ్మేవారు కాదు. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం బాగా పొద్దెక్కేదాకా సాగేది.

అంత పొడుగు రాత్రిని ఒక్క మనిషి ఎలా నడిపించగలిగాడు?

అతను చేసిన ఒక పని గురించి ఆ రోజుల్లో అక్కడ ఆడినవాళ్లు కథలుగా చెప్పుకున్నారు. ఉన్నట్టుండి దీపాలన్నీ ఆర్పేయించేవాడు. కటిక చీకట్లో ఎక్స్‌ప్రెస్ రైలు చప్పుడున్న రికార్డు పెట్టేవాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు రైలు దూసుకుపోయినట్టే ఉండేదట. ఆ వెనక వచ్చేది పదిసార్లు విన్న పాటే కావచ్చు. అయినా చీకట్లో రైలు దాటిపోయాక వినిపించే పాట ఎవరికైనా కొత్తగానే ఉంటుంది.

ఈ కిటుకు మన కూచిపూడి భాగవతులకు ఎప్పటి నుంచో తెలుసు. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి ముందు జడను ఇవతలికి వేస్తుంది. ముఖం కనిపించేది ఆ తర్వాతే. పాత్ర అడుగు పెట్టేలోపే చూసేవాడి మనసులో దానికి చోటు సిద్ధమైపోతుంది.

రైలు కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఫ్రాంకీ టేపు పని. 1979 జూలై 12న షికాగోలోనే, కామిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, డిస్కో అంటే గిట్టనివాళ్లు ఆ రికార్డులను గుట్టపోసి పేల్చేశారు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కో నుంచి తప్పుకున్నాయి. కొత్త సరుకు తగ్గింది, శనివారం మాత్రం వారం వారం వస్తూనే ఉంది. అప్పుడతను చేతిలో ఉన్న పాటలనే దర్జీలా విప్పి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. రీల్ మెషీన్ మీద టేపును చేత్తో ముందుకీ వెనక్కీ కదుపుతూ దెబ్బ పడే చోటును చెవితో పట్టుకోవాలి. అక్కడ పెన్సిలు గుర్తు పెట్టాలి, బ్లేడుతో కోయాలి, అతుకు వేయాలి. నిమిషానికి 120 దెబ్బలున్న పాటను సెకనుకు 15 అంగుళాల వేగంతో టేపుకెక్కిస్తే ఒక్కో దెబ్బకు ఏడున్నర అంగుళాలు పడుతుంది. నాలుగు దెబ్బల ఆవృతం 30 అంగుళాలు. అదే ఆవృతం ఎనిమిదిసార్లు రావాలంటే 20 అడుగుల టేపు. ఎక్కడైనా అర అంగుళం తేడా వచ్చిందా, ఆడేవాళ్ల కాళ్లు తడబడతాయి.

ఇంత కష్టపడి అతను పెంచింది పాటలో ఏ భాగాన్ని? గొంతు ఇంకా రాని చోటును. డ్రమ్ములు, బేస్ మాత్రమే నడిచే జాగాను. వినేవాడు ‘ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది’ అనుకునే ఆ కాస్త వ్యవధినే అతను అడుగుల లెక్కన పొడిగించాడు.

ఇదంతా చదువుతుంటే నాకు పదే పదే గుర్తొచ్చింది ఒక టీవీ పాత్ర. 2002 నుంచి 2008 వరకు హెచ్‌బీఓలో వచ్చిన ‘ది వైర్’లో ఒమర్ లిటిల్. బాల్టిమోర్ వీధుల్లో మత్తుమందు వ్యాపారులనే దోచుకునే పొడుగు కోటు మనిషి. అతనికంటే ముందు అతని ఈల వస్తుంది, అదీ ఒక పిల్లల పాట వరస. పిల్లలు అతని పేరు అరుస్తూ పరుగెడతారు, వీధి ఖాళీ అయిపోతుంది. ఆ సీరియల్‌లో నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. కారు రేడియో, ఇంట్లో టేపు, ఇలా సన్నివేశంలో ఉన్న వస్తువు నుంచే పాట రావాలన్నది దాన్ని తీసినవాళ్ల నియమం. అందుకే ఆ నిశ్శబ్దంలో ఒక్క ఈల చాలు, వెన్ను జలదరిస్తుంది. నాలుగో సీజన్‌లో ఒమర్ సిల్కు పైజామాలో, పొద్దుటి అల్పాహారం కొనుక్కోవడానికి బయల్దేరతాడు. దారిలో గోడకానుకుని సిగరెట్ వెలిగిస్తే పై కిటికీలోంచి మత్తుమందు సంచి వచ్చి పక్కన పడుతుంది. అతను అడగనే లేదు! అంతకుముందు సీజన్లలో ఓపిగ్గా కట్టుకుంటూ వచ్చిన రాకకు అది ఫలితం. టీవీలో పాత్రను ఇంత పొదుపుగా నిలబెట్టిన సన్నివేశం నేనింకోటి చూడలేదు.

ఒమర్‌గా నటించిన మైకేల్ కె. విలియమ్స్ అంతకుముందు డాన్సర్. క్రిస్టల్ వాటర్స్ 1994లో పాడిన హౌస్ పాట ‘100 పర్సెంట్ ప్యూర్ లవ్’కు నృత్యం సమకూర్చింది అతనే. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆ శరీరానికి దరువే నేర్పిందని నా నమ్మకం.

ఫ్రాంకీ 2014 మార్చి 31న కన్నుమూశాడు. అతని రికార్డులను షికాగోలోని స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంక్‌లో భద్రపరిచారు. వేర్‌హౌస్ భవనాన్ని 2023లో నగరం చారిత్రక కట్టడంగా గుర్తించింది. అతని పని వినాలనుకుంటే జేమీ ప్రిన్సిపుల్‌తో కలిసి చేసిన ‘యువర్ లవ్’తో మొదలుపెట్టండి. మొదట్లో సింథసైజర్ స్వరాలు చాలాసేపు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, గొంతు రాదు. దయచేసి పాటను ముందుకు జరపకండి.