కాఫీలో చేదు

పేరు చూసి ఫిల్టరు కాఫీ అనుకునేరు! 1973లో జాక్ హిల్ తీసిన అమెరికన్ సినిమా ‘కాఫీ’. అది నాయిక ముద్దుపేరు. ఆస్పత్రిలో నర్సు. చిన్నారి చెల్లెల్ని మత్తుమందు పాలు చేసినవాళ్ల మీద తుపాకి పడుతుంది. నల్లజాతి ప్రేక్షకుల కోసం ఆ రోజుల్లో వరసగా వచ్చిన చవక చిత్రాల్లో ఇదొకటి.

ఆడదాని చేతికి తుపాకి ఇవ్వడం గొప్పేం కాదు. ఇద్దర్ని చంపి డ్యూటీకొస్తే ఆపరేషను గదిలో మనసు నిలవదు చూడండి, అక్కడ పామ్ గ్రియర్ నటన గొప్పది.

ఆడవాళ్లతో వ్యాపారం చేసే కింగ్ జార్జి రంగురంగుల దుస్తుల్లోనే తెలిసిపోతాడు. భయపడాల్సింది హోవర్డ్‌కి. జనం మేలు గురించి తియ్యగా మాట్లాడే నాయకుడు, పైగా ఆమె ప్రియుడు! చివర్లో అతని మాటలకు కాఫీ కరిగిపోబోతుంది కూడా. అంతలో గదిలోంచి ఓ తెల్లపిల్ల వస్తుంది. తుపాకి పేలుతుంది.

ఇక్కడే నాకు పేచీ. తనవాళ్లని అమ్ముకున్నందుకు పేలాల్సిన తుపాకి, సవతి కనిపించినందుకు పేలింది. అడుగడుగునా నాయిక బట్టలు లాగాలన్న దర్శకుడి తాపత్రయం సరేసరి.

అయినా, సముద్రపొడ్డున ఒంటరిగా వెళ్లిపోయే ఆమె నడకలో గెలిచిన దర్పం లేదు. ఆ నడక కోసమైనా చూడొచ్చు.