32 ఎప్పుడు కలపాలి?

మన ఇళ్లలో జ్వరానికి ఫారన్‌హీట్, ఎండకు సెల్సియస్. "పిల్లాడికి నూట రెండు" అంటే మా ఉద్దానం ప్రాంతంలోని పూండిలో ఏ అమ్మమ్మయినా నుదురు తడిమి చూస్తుంది. "రేపు నలభై అంట" అంటే ఎండ సంగతేనని అందరికీ తెలుసు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పాత లెక్కల పుస్తకం మాత్రం ఫారన్‌హీట్‌ను అమెరికా, కెనడాల వ్యవహారంగా చూపించి సమీకరణం చేతిలో పెట్టింది. నేను లెక్కలు చెప్పేటప్పుడు ఇంట్లో ఉన్న థర్మామీటరుతోనే మొదలుపెడతాను.

సూత్రం ముందు చెప్పను. మంచు కరిగేచోట సెల్సియస్‌లో 0, ఫారన్‌హీట్‌లో 32. నీళ్లు మరిగేచోట 100, 212. అక్కడ 100 మెట్లు, ఇక్కడ 180. అంటే ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 1.8 ఫారన్‌హీట్ డిగ్రీలు. రెండు బిందువులు దొరికితే సరళరేఖ దొరికినట్టే. నోటిలెక్క కూడా సులువు: రెట్టింపు చెయ్యి, అందులో పదోవంతు తీసెయ్యి, 32 కలుపు. 37కి 74, అందులో 7.4 పోతే 66.6, మొత్తం 98.6. ఇది ఉజ్జాయింపు కాదు, అసలు జవాబే.

40కి 104 వస్తుంది. అక్కడ పిల్లల పెన్నులు ఆగుతాయి. గాలి వేడి, జ్వరం ఒకటి కావు, నిజమే. కానీ గాలి ఒంటికన్నా వేడెక్కాక ఒళ్లు చల్లబడే దారి చెమట ఆరడమొక్కటే. ఉద్దానం తీరంలో తేమకు అదీ సరిగ్గా ఆరదు. మధ్యాహ్నం పూట జీడితోటల్లో పని ఆపాలన్న మాట నా లెక్కల పాఠంలో భాగమే.

అసలు చిక్కు 32తో వస్తుంది. జ్వరం 102 నుంచి 99కి దిగితే సెల్సియస్‌లో ఎంత తగ్గింది? చాలామంది 32 తీయబోతారు. రెండు రీడింగుల్లోనూ ఉన్న 32 తీసివేతలో పోతుంది; 3ను 1.8తో భాగిస్తే చాలు, సుమారు 1.67. అలాగే 2015 ప్యారిస్ వాతావరణ ఒప్పందం చెప్పిన 1.5 డిగ్రీల పెరుగుదల ఫారన్‌హీట్‌లో 2.7, 34.7 కాదు. వాలు ఏమిటో, స్థిరాంకం ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే లెక్క నాకు దొరకలేదు.

చివర్లో ఒక లెక్క ఇస్తాను. 1742లో ఆండర్స్ సెల్సియస్ తన కొలతను తలకిందులుగా పెట్టాడు: మరిగేచోట 0, గడ్డకట్టేచోట 100. ఆ రేఖ గీయండి. 32 స్థానంలో 212 వస్తుంది, 1.8కి ముందు గుర్తు మారుతుంది.