లేపి కూర్చోబెట్టే విద్య

పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే మన ఇళ్లలో చేసేది ఒకటే. ఇద్దరు చెరో పక్క నిలబడి, చంకల్లో చేతులు పెట్టి ఒక్కసారి పైకి లాగుతారు. పడిపోయిన పక్క భుజానికి కండరాల పట్టు ఉండదు. ఆ లాగుడుకు కీలు జారే ప్రమాదం ఉంది, జారితే నెలల తరబడి నొప్పి. ప్రేమ లేక కాదు, పని తెలియక.

పని తెలిసిన అమ్మాయి ఎలా చేస్తుందో చూడాలి. ముందు చక్రాల కుర్చీని ఆయనకు బాగున్న పక్కకు తెచ్చి, మంచానికి కాస్త ఏటవాలుగా పెడుతుంది. బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడుస్తుంది. “తాతగారూ, ఇప్పుడు లేచి కూర్చుందాం” అని చెప్పాకే ఒంటి మీద చెయ్యి వేస్తుంది. బాగున్న పక్కకు ఒత్తిగిల్లజేసి, కాళ్లు మంచం అంచు దాటించి, ఆ బరువు కిందికి దిగే ఊపులోనే ఒంటిని పైకి తెస్తుంది. కూర్చోగానే లేపదు. తల తిరుగుతోందా అని అడుగుతుంది, ముఖం రంగు చూస్తుంది. పాదాలు నేలకు ఆనాయో లేదో, మడమలు మోకాళ్ల కంటే వెనక్కి ఉన్నాయో లేదో చూసి, ముందుకు వంగమంటుంది. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేంతగా వంగితే పిరుదులు వాటంతటవే తేలికపడతాయి. బలహీనమైన మోకాలికి తన మోకాలు అడ్డుపెట్టి, నడుము కాక మోకాళ్లే వంచి, ఆయనతో పాటు తిరుగుతుంది. ఇంత పనిలో ఆమె మోసిన బరువు తక్కువే. లేచింది ఆయనే. నాకు ఈ పనితనంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: ఆయన చేసుకోగలిగిన పనిని ఆమె లాక్కోదు.

బట్టలు మార్చడంలోనూ ఇదే తీరు. విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి, తొడిగేటప్పుడు పడిపోయిన చేతి నుంచి. జపాన్‌లో ఈ పని నేర్పేవాళ్లు మొదటి రోజుల్లోనే చెప్పే సూత్రం ఇది. అన్నం పెట్టేటప్పుడు నిలబడి పెట్టరు. పక్కన కూర్చుని, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చెంచా కింది నుంచి అందిస్తారు. గొంతు కదిలిందని చూశాకే రెండో ముద్ద. నీళ్లు పొలమారే వాళ్లకు చిక్కదనం కలిపి ఇస్తారు. లేవలేని వాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్క మారుస్తారు. నడుం కింద, మడమల మీద ఎర్రమచ్చ వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. అక్కడ రుద్దకూడదు. మన ఇళ్లలో నూనె పెట్టి రుద్దేది అక్కడే.

ఆ తర్వాత రాత పని. అన్నం పదింట ఎనిమిది వంతులు తిన్నారు, నీళ్లు ఇన్ని మిల్లీలీటర్లు తాగారు అని రాత్రి డ్యూటీకి వచ్చే మనిషికి అర్థమయ్యేలా రాయాలి. జపాన్ వెళ్లిన మన పిల్ల అయితే అదంతా పరాయి భాషలో రాయాలి.

గోస్తనీ ఒడ్డున ఉన్న మా తగరపువలసకు ఆనుకుని సంగివలసలో వైద్య కళాశాల ఉంది. పక్కనే ఉన్న చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. ఇలాంటి చోట ఆడపిల్ల నర్సింగ్ చదువు ఇంటికి పెద్ద ఆధారం. ఆ చదువుకు విదేశాల్లో గిరాకీ ఉంది. జపాన్‌లో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవాళ్లు. ఆ దేశం 2019 ఏప్రిల్‌లో నైపుణ్యం గల విదేశీ కార్మికులకు ప్రత్యేక వీసా తెచ్చింది. 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. జపనీస్ భాషలో పరీక్ష, వృద్ధుల సంరక్షణ పనిలో పరీక్ష, ఆ పనికి కావలసిన జపనీస్‌లో మరో పరీక్ష గట్టెక్కితే ఐదేళ్లు ఉండవచ్చు. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. మూడేళ్ల అనుభవంతో జాతీయ పరీక్ష రాసి నెగ్గితే ఆ అడ్డు తొలగుతుంది. ఇక్కడ నర్సుగా చదివిన పిల్ల కూడా ఈ వీసా మీద వెళ్తే అక్కడ నర్సు కాదు, సంరక్షకురాలే. ఈ సంగతి బయలుదేరక ముందే తెలిసి ఉండాలి.

ఇజ్రాయెల్‌లో పద్ధతి వేరు. అక్కడ చాలామంది వృద్ధుల ఇంట్లోనే ఉండి పనిచేస్తారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు అక్కడున్న సుమారు 18,000 మంది భారతీయుల్లో ఎక్కువమంది ఈ పనివాళ్లే. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. సైరన్ మోగినప్పుడు నడవలేని మనిషిని క్షణాల్లో రక్షణ గదికి చేర్చాలన్నా పైన చెప్పిన విద్యే కావాలి, వేగంగా.

మన పిల్లలకు సేవాగుణం పుట్టుకతో వచ్చిందని మెచ్చుకోవడం నేను తరచూ వింటాను. ఆ మెప్పు నాకు నచ్చదు. పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకున్న కష్టం లెక్కలోకి రాదు, జీతమూ పెరగదు. వెల్డింగ్ నేర్చినవాడి చేతికి స్టీల్‌ప్లాంటు ఊరు ఇచ్చే గౌరవం ఈ చేతులకూ దక్కాలి.

వెళ్లాలనుకునే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఒక్క మాట. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగిన రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఇవ్వకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ ఉద్యోగాల సంస్థలైన ఓంక్యాప్, టామ్‌కామ్‌లను ముందు అడగండి.