గుర్తుబొమ్మలలో స్త్రీ

భాష తెలియని ప్రయాణికునకు సయితము దారి చూపుటకై 1974లో అమెరికా రవాణాశాఖవారు 34 గుర్తుబొమ్మలను ప్రకటించిరి. 1979లో మరి 16 చేరి మొత్తము 50 అయినవి. రోజర్ కుక్, డాన్ షానోస్కీ గీసిన యీ బొమ్మలు నేడు పెక్కుదేశముల గోడలపై గానవచ్చును. గీత పొదుపైనది, దూరమునుండియు స్పష్టముగా నుండును. ఆ నేర్పును మేము మెచ్చుకొందుము.

అయినను వీనిలో నొక దోషము కలదు. గుండ్రని తల, నిలువు మొండెము, రెండు కాళ్లు గల యాకృతి మరుగుదొడ్డి తలుపుపై నున్నప్పుడు ‘పురుషుడు’ అని యర్థము. స్త్రీ లోనికి పోరాదు. అదే యాకృతి లిఫ్టు గుర్తులో మువ్వురై నిలిచినప్పుడు ‘మనుష్యులు’ అని యర్థము; స్త్రీయు నెక్కవచ్చును. పది యడుగుల దూరములో ఒకే బొమ్మ ఆమెను వెలివేసి, మరల లోనికి బిలుచుచున్నది. గౌను తొడిగిన బొమ్మయో, స్త్రీ యని వేరుగా జెప్పవలసినచోటనే కనబడును. మనుష్యసామాన్యమునకు ప్రతినిధిగా దానిని నిలుపలేదు.

స్త్రీల కిది తెలియుచునే యున్నది గదా యని కొందరందురు. తెలియును. పురుషరూపములో తమ్ము దాము వెదకికొనుట వారికి చిరకాలపు అలవాటు. మన వ్యాకరణము మాత్రమేమి? ‘ఆమె వచ్చినది’, ‘బండి వచ్చినది’ యని ఏకవచనమున స్త్రీని బండితో జేర్చి, బహువచనమున మాత్రము పురుషులతో జేర్చినది! కాని చూచువారి యలవాటు గీసినవారి నేర్పు కానేరదు. ఒక గుర్తున కొక యర్థమే యుండవలెననుట యీ విద్యకు మొదటి నియమము. కావున నిది స్త్రీల మనోవ్యథ మాత్రమే కాదు, పనితనములోని లోపము.

2020 ఆగస్టులో ముంబయిలోని దాదరు ప్రాంతమున రోడ్డు దాటు దీపములలో స్త్రీబొమ్మను వెలిగించిరి. ఉద్దేశము మంచిదే. కాని ఆ స్త్రీయు గౌను తొడిగినదే. ఆ రోడ్డు దాటువారిలో చీర కట్టినవారు, సల్వారు తొడిగినవారు ఎందరు లేరు! గౌనే స్త్రీకి గుర్తైనచో లుంగీ కట్టిన మన కృష్ణాతీరపు రైతు ఏ తలుపు తట్టవలెను? పైగా ఆమెను వేరుగా జూపుటచే తక్కిన దీపములలోని బొమ్మ పురుషుడే యని మరింత స్థిరపడినది.

రెండు కాళ్ల యాకృతిని మనుష్యులందరికిని ఉంచదలచినచో, పురుషుల తలుపునకు వేరొక గుర్తు గీయవలెను. అది మీసమైనను సరే, తలపాగయైనను సరే. ఇన్నాళ్లు స్త్రీకి మాత్రమే తగిలించిన విశేషచిహ్నము నికపై పురుషునకును తగిలింపవలసి యుండును.